భయం లేని బడికి బాట వేసిన గురువు

అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి, పసివాని చేయి పట్టుకొని తొలుత భగవన్నామాన్ని దిద్దించడం మన ఇళ్లలో ఆచారం. చదువుకు ఆది దైవమేనన్న ఈ భావనను వేరొక మతంలో, వేరొక దేశంలో పాఠ్యపుస్తకంగా మలచిన మహనీయుడు జాన్ ఆమోస్ కొమీనియస్.

నేటి చెక్ రిపబ్లిక్‌లోని మొరావియా ప్రాంతంలో 1592 మార్చి 28న ఆయన జన్మించారు. పన్నెండేళ్ల ప్రాయం నాటికే తల్లిదండ్రులను కోల్పోయారు. లాటిన్ పాఠశాలలో చేరేసరికి పదహారేళ్లు నిండాయి. అర్థం తెలియని వ్యాకరణ సూత్రాలను వల్లె వేయించడం, తప్పితే దండించడం ఆనాటి బోధన. ఊహ తెలిసిన వయసులో చేరినందున అందులోని లోపం ఆయనకు స్పష్టంగా గోచరించింది.

జర్మనీలో క్రైస్తవ మతశాస్త్రం అభ్యసించి, 1616లో తమ సోదర సంఘంలో మతగురువైనారు. ఇంతలో ముప్ఫయ్యేళ్ల యుద్ధం ముంచుకొచ్చింది. 1621లో ఆయన కొలువున్న ఫుల్నెక్ పట్టణాన్ని సైనికులు దోచారు. మరుసటి ఏడు మహమ్మారి భార్యను, ఇద్దరు బిడ్డలను కబళించింది. మతభేదం కారణంగా 1628లో స్వదేశం విడిచి పోలెండ్‌లోని లెష్నో చేరారు. మరల జన్మభూమిలో స్థిరపడే భాగ్యం ఆయనకు కలుగలేదు.

ఇంత దుఃఖంలోనూ ఆయన చింత పిల్లల చదువు మీదే నిలిచింది. జ్ఞానం, శీలం, భక్తి ఈ మూడూ ఒకే పాఠంలో కలిసి పెరగాలన్నది ఆయన సిద్ధాంతం. ముందు వస్తువును చూపాలి, తరువాత మాట చెప్పాలి. తెలిసిన దాని నుండి తెలియని దానికి నడిపించాలి. తొలి చదువు మాతృభాషలో సాగాలి. ధనిక, పేద, బాలురు, బాలికలు అన్న భేదం చదువుకు ఉండరాదు.

1650లో హంగరీలోని షారోష్‌పటక్ వెళ్లి, అక్కడి విద్యార్థుల చేత పాఠాలను నాటకాలుగా ఆడించారు. అక్కడే రచించిన బొమ్మల పుస్తకం 'ఆర్బిస్ పిక్టస్' 1658లో నూరెంబర్గ్‌లో వెలువడింది. అందులో అక్షరాలను కాకి కూత, గొర్రెపిల్ల అరుపు వంటి ధ్వనులతో నేర్పారు. అటుపై 150 పాఠాలు. మొదటిది దేవుని గురించి, చివరిది దైవం తీర్చే అంతిమ తీర్పు గురించి. నడుమ నిప్పు, నీరు, చెట్టు, పక్షి, వృత్తులు, సద్గుణాలు. లోకమంతా దైవం నుండి బయలుదేరి దైవాన్నే చేరుతుందని బాలుడు బొమ్మలు చూస్తూనే గ్రహించే ఏర్పాటిది.

1656లో లెష్నో దగ్ధమైనప్పుడు నాలుగు దశాబ్దాలు శ్రమించి కూర్చిన చెక్ నిఘంటువు బూడిదైంది. అయినా కలం విడువలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో తలదాచుకొని, 1670 నవంబరు 15న కన్నుమూసేవరకు రాస్తూనే ఉన్నారు. ఆయన జన్మదినాన్ని చెక్ ప్రజలు ఉపాధ్యాయ దినంగా పాటిస్తారు.

వేదం స్వరం చెడక నేటికీ నిలిచి ఉందంటే సంథ చెప్పి వల్లె వేయించిన గురువుల చలవే. అందుచేత వల్లె వేయడాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే వల్లెకు బెత్తం తోడు కావాలా అన్నది మనం ఆలోచించుకోవలసిన ప్రశ్న. భయంతో నేర్చిన శ్లోకం భయం తీరగానే నాలుకను వీడిపోతుంది. ఈ సాయంత్రం పూజగదిలో బిడ్డకు శ్లోకం చెప్పేవేళ ముందు దీపాన్ని చూపి, దాని వెలుగును గురించి రెండు మాటలు చెప్పండి. శ్లోకం ఆ తరువాత చెప్పవచ్చు.