మృదంగం మోతలో లెక్క విన్న సి.వి. రామన్



గంభీరావుపేటలో కొత్త ఇల్లు కడుతూ, మేడ మీద ఒక గదిని పాటలు వినడానికే ఉంచుకుందామని అనుకుంటున్నారా? షాపులో ముందు వాట్లు చెబుతారు, తర్వాత ధర చెబుతారు. అంతకంటే ముందు ఒక జీవితం గురించి చదవండి. ఆ పేరు మీ పిల్లల సైన్స్ పుస్తకంలోనే ఉంది.

సర్ సి.వి. రామన్ అనగానే మనకు కాంతి గుర్తొస్తుంది. కానీ ఆయన ఎన్నో ఏళ్లు వెంటపడింది ధ్వనిని. 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో పుట్టినా, ఆయన బాల్యం గడిచింది మన విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవారు. ఇంట్లో వయొలిన్ వాయించేవారు. ఆ ఇంట్లో సైన్స్ పుస్తకం, వయొలిన్ రెండూ పక్కపక్కనే ఉండేవి. రామన్ 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు.

1907లో కలకత్తాలో పెద్ద ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. పగలంతా అకౌంట్స్ ఆఫీసు. ఆఫీసు టైముకు ముందు, తర్వాత బౌబజార్ వీధిలోని సైన్స్ సంఘం ప్రయోగశాల. భార్య లోకసుందరి గారికి వీణ వచ్చు. రామన్ ఏకతార, తంబురా, వీణ, వయొలిన్ అన్నిటినీ పరీక్షించారు. మనిషి చెయ్యి ప్రతిసారీ ఒకేలా కదలదు కాబట్టి, వయొలిన్ కమానును ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో నడిపే యంత్రం కూడా తయారుచేశారు. 1917లో జీతం బాగా తగ్గుతుందని తెలిసీ ఆ ఉద్యోగం వదిలి, కలకత్తా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరారు.

మన ఊరి డప్పును గుర్తు చేసుకోండి. మోత గట్టిగా ఉంటుంది, కానీ దానికి శ్రుతి కలపలేం. ఎందుకంటే మామూలు తోలు నుంచి వచ్చే ధ్వనుల మధ్య సరైన లెక్క కుదరదు. మృదంగం, తబలాల మీద ఉండే నల్లటి పూత ఆ లెక్కను సరిచేస్తుందని 1920లో రామన్ చూపించారు. ఆ పూత బరువు వల్ల ధ్వనులు ఒకటికి రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్లుగా వరుసలో పడతాయి. మన పనివాళ్లు తరతరాలుగా చెవితో సాధించిన దానికి ఆయన లెక్క చెప్పారు.

1921లో లండన్ వెళ్లినప్పుడు సెయింట్ పాల్ చర్చి గోపురం కింద ఒక వింతను పరీక్షించారు. గోడ దగ్గర గుసగుసలాడితే, ఆ మాట గోడ వెంటే పాకి ఎదుటి వైపు వినిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో చూసిన సముద్రపు నీలి రంగు ఆయన్ని కాంతి వైపు తిప్పింది. 1928లో రామన్ ఎఫెక్ట్, 1930లో నోబెల్ బహుమతి వచ్చాయి. 1970 నవంబరు 21న బెంగళూరులో కన్నుమూశారు.

ఇక మీ గది సంగతి. ఆ గోపురంలో లాగే మీ ఇంట్లోనూ గోడలు ధ్వనిని మోస్తాయి. ఖాళీ గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. గణగణమంటే, ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా మృదంగం ముద్దగానే వినిపిస్తుంది. ముందు సిరిసిల్ల బట్టతో దళసరి పరదాలు, కింద తివాచీ, ఒక గోడకు పుస్తకాల అలమర పెట్టించండి. స్పీకర్లను మూలల్లోకి నెట్టకండి, అక్కడ బేస్ ఉబ్బుతుంది. రెండు స్పీకర్లు, మీ కుర్చీ త్రికోణంలా ఉంటే మంచిది.

కొనేటప్పుడు మీకు బాగా తెలిసిన మృదంగం లేదా వీణ రికార్డింగ్ తీసుకెళ్లండి. రెండు సెట్లనూ ఒకే సౌండ్‌లో పెట్టించి పోల్చండి. గట్టిగా మోగేదే మంచిదనిపించడం చెవి చేసే మోసం. మీ పాపనో బాబునో తప్పకుండా వెంట తీసుకెళ్లండి. వయసుతో మనకు తగ్గిపోయే సన్నని ధ్వనులు వాళ్లకు ఇంకా వినిపిస్తాయి. ఆ చెవులు అలాగే ఉండాలంటే ఇంట్లో సౌండ్ తక్కువగానే ఉంచండి.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి ప్రతి గదిలో చప్పట్లు కొట్టండి. ఏ గదిలో ఎలా వినిపించిందో, ఎందుకలా వినిపించిందో వాళ్లనే అడగండి. జవాబు మీకు తెలియకపోతే మా ఫిజిక్స్ టీచర్ దగ్గరకు పంపండి.