వన్నెల మాంత్రికుడు జార్జి మెలియెస్

చలనచిత్రములకు రంగు లద్దుట నిన్న మొన్నటి యంత్రముల వలన పుట్టిన విద్య యని పలువురు తలంతురు. నిజమునకు, బొమ్మ తెరపై కదలుట నేర్చిన కొలది కాలమునకే స్త్రీలు సన్నని కుంచెలు చేతబట్టి, అంగుళము వెడల్పైన గల బొమ్మల కొక్కొక్కదానికిని రంగు వేయ నారంభించిరి. ఆ విద్యపై మిక్కిలి మక్కువ చూపి, దానిచే లోకమును మురిపించి, తుదకు సర్వము పోగొట్టుకొనిన మహనీయుడు ఫ్రాన్సు దేశీయుడగు జార్జి మెలియెస్.

ఆతడు 1861 డిసెంబరు 8వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి బూట్ల కర్మాగారము నడుపు సంపన్నుడు. ముగ్గురు కుమారులలో జార్జి కడపటివాడు. బాల్యము నుండియు ఆతనికి పాఠములకంటె బొమ్మలు గీయుటయందే యాసక్తి మెండు. చిత్రలేఖనము నేర్వవలెనని కోరెను గాని, తండ్రి యంగీకరింపక కర్మాగారమున బెట్టెను. అచట యంత్రములను విప్పి బాగుచేయు నేర్పు ఆతనికి అబ్బెను. వలదనుకొని నేర్చిన యీ పనియే తరువాత ఆతనికి అన్నము పెట్టినది. 1884లో తండ్రి యాతనిని లండనునకు పంపెను. అచట ‘ఈజిప్షియన్ హాలు’ అను ప్రదర్శనశాలలో ఇంద్రజాలము చూచి ముగ్ధుడయ్యెను. 1888లో కర్మాగారమందలి తన భాగమును సోదరుల కమ్మి, ఆ సొమ్ముతో పారిస్‌లోని రాబర్ట్ హూడిన్ నాటకశాలను కొని, స్వయముగా ఇంద్రజాలికు డయ్యెను.

1895 డిసెంబరు 28వ తేదీన లూమియేర్ సోదరుల చలనచిత్ర ప్రదర్శనము పారిస్‌లో జరిగెను. మెలియెస్ అచటనే యుండెను. ఆ యంత్రమును తనకు విక్రయింపుడని వేడెను, వారు నిరాకరించిరి. ఆతడు వెనుదీయక లండనులో రాబర్ట్ పాల్ అనువాని యొద్ద ప్రదర్శన యంత్రమును కొని, దాని మర్మము గ్రహించి, చిత్రములు తీయు యంత్రమును తానే సిద్ధపరచుకొనెను. 1896లో చిత్రనిర్మాణమునకు గడంగెను. మరుసటి యేట మాంత్రోయ్ గ్రామమున తన తోటలో గాజు కప్పును, గాజు గోడలును గల చిత్రశాలను కట్టించెను. అందలి రంగస్థలము పారిస్‌లోని తన నాటకశాల రంగస్థలమంత కొలతదే. కథ యల్లుట, తెరలు వ్రాయుట, వేషము గట్టుట, ఆడించుట — అన్నియు ఆతనివే. మనుష్యులు మాయమగుట, ఒకడు పలువురగుట, తల మొండెము వీడి నవ్వుట మొదలగు వింతలను తెరపై చూపెను. ‘మాయాబజార్’లో తినుబండారములు తమంతట తామే ఘటోత్కచుని నోటికి చేరుట చూచి నవ్వినవారందఱును, తెలియకయే ఈ విద్యకు ఋణపడినవారు.

ఆ కాలపు ఫిల్ము రంగులను సరిగా గ్రహింపజాలదు. ఎఱుపు తగిలిన చోట నలుపగును. నీలము తెల్లనై పోవును. కావున మెలియెస్ తన తెరలను, సామగ్రిని తెలుపు మొదలు నలుపు వరకు గల బూడిద చాయలతోనే చిత్రించెను. మాయాలోకములను మనస్సున రంగులతో దర్శించుచు చేతితో బూడిద పూసినవాని యవస్థ నూహింపవచ్చును. పోయిన రంగులను తిరిగి తెచ్చు పని, చిత్రము తీయబడిన పిమ్మట వేఱొకరి చేతులలో జరిగెను.

ఆ చేతులు ఎలిజబెత్ తుయిలియే అను నామె కర్మశాలలోనివి. ఆమె పారిస్‌లో బాక్ వీధిలో స్త్రీలచే రంగులు వేయించుచుండెను. అంతకుముందు మాయాదీపపు గాజు పలకలకు రంగు లద్దిన యనుభవము ఆమెకు గలదు. తన కర్మశాలలో రెండు వందల మందికి పైగా పనిచేసిరని యామె వృద్ధాప్యమున చెప్పియున్నది. పని జరుగు విధ మిట్టిది. ఒక్కొక్క స్త్రీకి ఒక్క రంగే. ఎఱుపు వేయు నామె, చుట్టలోని ప్రతి బొమ్మయందును ఎఱుపు వలసిన చోటనే కుంచె తాకించి, ప్రక్క యామె కందించును. ఆమె పసుపు వేయును. తరువాతి యామె ఆకుపచ్చ. చుట్ట చేతులు మాఱి మాఱి యొక చిత్రము పూర్తి యగునప్పటికి ఇరువది చాయలకు పైగా పడుట కలదు. ఏ రంగు ఎచట నుండవలెనో తుయిలియే స్వయముగా రాత్రులయందు కూర్చుండి పరీక్షించి నిర్ణయించి, పగలు పనివారి కప్పగించుచుండెను.

వాడిన రంగులు కాంతిని ఆపునవి కావు, తమలోనుండి పోనిచ్చునవి. తోలుబొమ్మలాట చూచినవారికి ఇది సులభముగా బోధపడును. తోలును పలుచగా గీకి, పారదర్శకమగునట్లు చేసి, రంగు పూసి వెనుక దీపము పెట్టినప్పుడు కదా రాముడు పచ్చగను రావణుడు ఎఱ్ఱగను వెలుగుట! ఫిల్మునకును అదియే సూత్రము. భేద మేమన, తోలుబొమ్మ కొకమారు రంగు వేసిన చాలును. ఇచట నిమేషమాత్ర దృశ్యమునకు పదునారు బొమ్మల వఱకు వేయవలెను. కుంచె వెండ్రుకవాసి తొలగినను, తెరపై నటుని చొక్కా యెఱుపు గాలిలో వణకును. పాత వర్ణచిత్రములలో కానవచ్చు ఆ చిన్న వణకును దోషమని కొందఱందురు గాని, అది ఆ స్త్రీల చేతివ్రాత వంటిది. వారిలో ఎక్కువమంది పేరైన లోకమునకు తెలియలేదు.

1902లో మెలియెస్ ‘చంద్రలోక యాత్ర’ను నిర్మించెను. మూడు మాసములు శ్రమించి, సుమారు 10,000 ఫ్రాంకులు వెచ్చించెను. అది నాటికి మిక్కిలి గొప్ప మొత్తము. చంద్రుని కంటిలో తూటా గ్రుచ్చుకొనిన ఆ దృశ్యమును చూడనివారు నేడును అరుదు. 260 మీటర్ల పొడవు గల ఆ చిత్రమున 13,375 బొమ్మలు. రంగుల ప్రతి కావలెనన్నచో ప్రతి బొమ్మను చేత ముట్టవలసినదే, అదియును ప్రతి ప్రతికిని మొదటినుండి. కావున రంగుల ప్రతి వెల హెచ్చు, కొనువారు కొలది మంది. అమెరికాలోనో, చిత్రమును దొంగప్రతులు తీసి యితరులు లాభము గడించిరి. దీని నరికట్టుటకు మెలియెస్ తన యన్న గాస్తోన్‌ను 1903లో న్యూయార్కునకు పంపవలసివచ్చెను.

కాలము మాఱినది. పాథే మొదలగు పెద్ద సంస్థలు చిల్లులు కోసిన రేకుల సహాయమున వేగముగను చవుకగను రంగులు వేయ మొదలిడినవి. చిత్రములను అమ్ముటకు మాఱుగా అద్దె కిచ్చు పద్ధతి వచ్చినది. చేతిపనివాడగు మెలియెస్ వాని ధాటికి నిలువలేకపోయెను. 1911లో తన యాస్తిని తాకట్టు పెట్టి పాథే వారి సొమ్ముతో చిత్రములు తీసెను, అవి ఫలింపలేదు. 1913లో భార్య మరణించెను. ఆ పైన ప్రపంచయుద్ధము. ఆతని ఫిల్ములలో నాలుగు వందలకు పైగా సైన్యము వారు గైకొని కరగించి, అందలి సెల్యులాయిడును సిపాయిల బూట్ల మడమలకు వాడిరి. బూట్ల వ్యాపారము వలదని పాఱిపోయినవాని జీవితకృషి బూటు మడమ యగుట విధివిలాసము కాక మఱేమి? 1923లో మాంత్రోయ్ ఆస్తి పరుల పాలాయెను. ఉంచుకొన చోటు లేక, పట్టరాని దుఃఖకోపములతో మెలియెస్ మిగిలిన మూల ఫిల్ములను తన చేతితోనే కాల్చివేసెను. ఆతడు తీసిన చిత్రములు సుమారు ఐదు వందలు. నేడు మిగిలినవి అందు సగమునకును తక్కువ.

1925లో ఒకప్పటి తన నటి జాన్ డాల్సీని పెండ్లాడి, మాంపర్నాస్ రైలుస్టేషనులో ఆటబొమ్మలు, మిఠాయిలు అమ్ము చిన్న యంగడిలో దినమెల్ల కూర్చుండెను. కొన్ని యేండ్ల తరువాత ఒక సినిమా పత్రికా సంపాదకు డాతనిని గుర్తించెను. 1929 డిసెంబరులో సాల్ ప్లేయెల్ సభాభవనమున ఆతని చిత్రములను ప్రదర్శించి గౌరవించిరి. 1931లో లెజియన్ ఆఫ్ ఆనర్ పతకమును స్వయముగా లూయీ లూమియేర్ చేతులమీదుగా నందుకొనెను; ముప్పది యైదేండ్లకు పూర్వము యంత్ర మమ్మ నిరాకరించిన కుటుంబమువాడే యాతడు. కడపటి దినములు ఓర్లీలోని కళాకారుల విశ్రాంతి గృహమున గడపి, 1938 జనవరి 21న మెలియెస్ కన్నుమూసెను.

పాత చిత్రములకు రంగు వేయుట తగునా యను చర్చ తెలుగునాట 2010లో హైదరాబాదున ‘మాయాబజార్’కు రంగులు వేసినప్పుడును లేకపోలేదు. ఆ చిత్రమును మార్కస్ బార్ట్లే వెలుగునీడలనే రంగులుగా భావించి తీసెను. 2010 నాటికి ఆతడును, దర్శకుడు కె.వి. రెడ్డియు జీవించి లేరు. కావున రంగులు నిర్ణయించినవారు ఊహపై నాధారపడక తప్పలేదు. మెలియెస్ విషయము వేఱు. ఆతని రంగులు ఆతని యనుమతితో, ఆతని కాలముననే పడినవి. వానిని పోగొట్టుటయే అన్యాయము, తిరిగి తెచ్చుట న్యాయము. ఈ రెండిటిని ఒక్క గాటను గట్టి పొగడుటయు తెగడుటయు తగదు.

‘చంద్రలోక యాత్ర’ రంగుల ప్రతి యొక్కటియు మిగులలేదని చిరకాలము తలచిరి. 1993లో బార్సిలోనాలోని చిత్ర భాండాగారమునకు పేరు చెప్పని దాత యొకడు ఇచ్చిన పాత ఫిల్ములలో అది బయటపడెను. ఫిల్ము అంటుకొనిపోయి గట్టి ముద్దవలె నుండెను. పారిస్‌లోని లాబ్‌స్టర్ ఫిల్మ్స్ వారు దానిని సంపాదించి, మందుల యావిరి పట్టించి, కొంచెము కొంచెముగా పొరలు విడదీసి, ముక్కముక్కకును ఛాయాచిత్రములు తీసిరి. నశించిన భాగములను మెలియెస్ కుటుంబము వారి యొద్ద నున్న నలుపు తెలుపు ప్రతినుండి పూరించి, ప్రక్క బొమ్మల ననుసరించి కంప్యూటరు సహాయమున రంగు లద్దిరి. 2011 మే మాసమున కాన్ చిత్రోత్సవమున అది ప్రదర్శింపబడెను. అందు ఫిరంగి పేల్చునప్పుడు ఊపు జెండా ఫ్రాన్సు దేశపుది కాదు. ఎఱుపు, పసుపు, ఎఱుపు పట్టెలు గల స్పెయిను జెండా. స్పెయినులో ప్రదర్శించువాని కొఱకై బాక్ వీధిలోని యే స్త్రీయో ఆ పట్టెలను బొమ్మ బొమ్మకును దిద్దియుండును.