రాడ్డుకు పూత పెట్టిన మహనీయుడు

ఈ ప్రత్యేక సంచికకు ఎవరి వృత్తికి ఆద్యులైన వారిని గురించి వారే రాయాలని సంపాదకవర్గం కోరింది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బాయిలర్ మెయింటెనెన్సులో వెల్డర్‌గా పనిచేసి రిటైరైన నాకు ఆస్కార్ షెల్‌బెర్గ్ తప్ప మరో పేరు తోచలేదు.

ఆయన 1870లో స్వీడన్‌లోని ఆర్వికాలో జన్మించారు. ఆవిరి ఓడల మీద ఇంజనీరుగా పనిచేశారు. ఆ రోజుల్లో ఓడలకైనా బాయిలర్లకైనా రేకులను రివెట్లతోనే బిగించేవారు. రివెట్ల వరుస వదులైతే ఆవిరి కారేది, ఎన్నిసార్లు సమ్మెటతో బిగించినా మళ్ళీ కారేది. దీనికి విరుగుడు విద్యుత్ వెల్డింగేనని ఆయన నమ్మారు. అప్పటికే రష్యాలో బెనార్డోస్ కర్బనపు కడ్డీతోను, స్లావ్యనోవ్ లోహపు కడ్డీతోను ఆర్క్ వెల్డింగ్ చేసి చూపారు. అయితే వట్టి తీగతో వేసిన అతుకు పెళుసు. కరిగిన లోహంలోకి గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ చేరడమే అందుకు కారణం.

1904లో షెల్‌బెర్గ్ గోథెన్‌బర్గ్‌లో ఈసాబ్ కంపెనీ స్థాపించారు. 1907లో పూత రాడ్డుకు పేటెంటు దరఖాస్తు పెట్టారు. ఇనుప తీగను కార్బొనేట్లు, సిలికేట్లు కలిపిన చిక్కని ముద్దలో ముంచి తీయడమే ఆ కిటుకు. మన ఇళ్ళలో మిరపకాయను బజ్జీల పిండిలో ముంచినట్టే అనుకోండి! ఆ పూత మండి వాయువై కరిగిన లోహానికి గొడుగు పడుతుంది. మిగిలింది స్లాగ్‌గా పైన పేరుకొని, అతుకు చల్లారేదాకా కాపాడుతుంది. 1920లో ఆయన కంపెనీ పూర్తిగా వెల్డింగుతోనే ఒక ఓడ నిర్మించింది. 1922లో జర్మనీలోని ఫిన్‌స్టర్‌వాల్డెలోనూ కంపెనీ పెట్టి, 1931లో కన్నుమూశారు.

తీగ అంతకు ముందూ ఉంది. ఆయన మనకిచ్చింది పూత. మన కృష్ణా డెల్టాలో ఆ పూతకు శత్రువు తేమ. కిటికీ గ్రిల్సు, గేట్లు, ట్రాలీ రేకుల వంటి పనులకు వాడే 6013 కొంత తేమకు ఓర్చుకుంటుంది. మందపు ప్లేట్లకు, బాయిలర్ పనులకు వాడే 7018 సంగతి వేరు. దాని పూత తేమ పీల్చుకుంటే, ఆర్కులో ఆ నీటి నుంచి హైడ్రోజన్ విడివడి లోహంలో చేరుతుంది. పైకి అతుకు ముచ్చటగానే ఉంటుంది. కొన్ని గంటలకో, మర్నాటికో అతుకు పక్కన లోపల చీలిక పుడుతుంది, కంటికి కనబడదు. ఆవిరి పీడనం ఉన్నచోట అలాంటి చీలిక మనుషుల ప్రాణాల మీదికి తెస్తుంది.

అందుకే తేమ తగిలిన 7018 రాడ్లను కంపెనీ వారు చెప్పిన ప్రకారం, సాధారణంగా 300 నుంచి 350 డిగ్రీల వద్ద గంట, రెండు గంటలు ఓవెన్‌లో కాల్చి, వేడి పెట్టెలో ఉంచి, కావలసినన్నే తీసుకోవాలి. ఆర్క్ పొట్టిగా పట్టాలి. 6010 రాడ్ల పద్ధతి పూర్తిగా వేరు. వాటి సెల్యులోజ్ పూతకు కొంత తేమ అవసరం, ఓవెన్‌లో పెడితే పాడవుతాయి.

ఆటోనగర్‌లో షెడ్లు నడుపుకునే మన పిల్లలు కొందరు 7018 రాడ్లను ఎండలో ఆరబెడితే చాలనుకుంటున్నారు. ఎండకు పైతడి పోతుందేమో గాని, పూతలో ఇంకిన నీరు ఆ వేడికి వదలదు.