వైద్యసేవానిరతుడు జేకబ్ చాంబర్లేన్

చింతామణి, బాగేపల్లి సీమలకు తూర్పున, నాటి కడప జిల్లాలోని మదనపల్లెలో 1863లో ఒక అమెరికన్ మిషనరీ వైద్యుడు కేంద్రం నెలకొల్పారు. ఆయనే జేకబ్ చాంబర్లేన్. 1835లో కనెక్టికట్‌లో జన్మించిన ఆయన వైద్యమును, దైవశాస్త్రమును అభ్యసించారు. 1863లోనే గోదావరి అడవుల వరకు సాగించిన యాత్రలో సోకిన జ్వరం ఏళ్ల తరబడి పీడించినా, రోగుల సేవను విడువలేదు. రోగి బాధ తెలియాలంటే రోగి భాష తెలియాలి కదా! అందుకే తెలుగును సొంతం చేసుకొన్నారు. 1873 నుండి రెండు దశాబ్దాలు తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షులుగాను, 1902లో దక్షిణ భారత ఐక్యసంఘ సినడుకు ప్రథమ మోడరేటరుగాను సేవలందించారు. 1908 మార్చి 2న, 72 ఏళ్ల వయసులో, మదనపల్లెలోనే కన్నుమూశారు. పరాయి భాషను ప్రేమతో తనదిగా చేసుకొన్న ఆ మహనీయుని జీవితం, కన్నడనాట తెలుగు చదువుకొనే బాలబాలికలకు చిరస్మరణీయం.