చంద్రయాత్రను కలగన్న బడిపంతులు: జోహాన్ కెప్లరు

2022 నవంబరు 16వ తేదీన అమెరికా దేశపు ఫ్లోరిడా తీరమునుండి ఓరియన్ అను వ్యోమనౌక చంద్రుని చుట్టివచ్చుటకై బయలుదేరెను. మనుష్యులను పంపుటకు ముందు నౌకను పరీక్షించుటయే ఆ యాత్రయొక్క ఉద్దేశము. కావున పీఠముమీద మనుష్యునికి బదులు ఒక బొమ్మను కూర్చుండబెట్టి, దేహమునకు తగులు అదురును కొలుచు యంత్రముల నమర్చిరి. నౌక డిసెంబరు 11న పసిఫిక్ సముద్రమున క్షేమముగ దిగెను. ఈ అదురునుగూర్చి నాలుగువందల యేండ్లకు పూర్వమే ఆలోచించిన బడిపంతు లొకడు కలడు. మన విద్యార్థులు ఆయన సూత్రములను కంఠస్థము చేయుదురు గాని ఆయన బ్రదుకు నంతగా నెరుగరు.

జోహాన్ కెప్లరు 1571 డిసెంబరు 27న జర్మనీలోని వైల్ పట్టణమున జన్మించెను. పసితనమున మశూచికము సోకి చూపు మందగించెను. 1577లో తోకచుక్క పొడమినప్పుడు తల్లి కాథరీన ఆయనను మెట్టమీదికి తీసికొనిపోయి చూపెను. బోధకుడు కాగోరి దైవశాస్త్రము చదువుచుండగా, 1594లో గ్రాట్జు పాఠశాలకు గణితోపాధ్యాయునిగా పంపబడెను. మతము మార్చుకొననందున 1600లో ఆ యూరు విడిచి, ప్రాగు నగరమున టైకో బ్రాహియొద్ద చేరెను. టైకో మరణానంతరము, ఆయన కొలిచియుంచిన అంగారకుని స్థానములను ముందిడుకొని యేండ్ల తరబడి లెక్కలు కట్టెను. లెక్కకును కంటికి కనబడిన స్థానమునకును 8 కలల భేదము వచ్చెను. నిండుచంద్రుని వెడల్పులో అది నాలుగవవంతు మాత్రమే. మరియొకడైన సరిపెట్టుకొనియుండును. కెప్లరు వృత్తమునే విడిచిపెట్టి, గ్రహమార్గము దీర్ఘవృత్తమని 1609లో ప్రకటించెను. 2023లో మన శ్రీహరికోటనుండి పోయిన చంద్రయానము 3 తొలుత భూమిచుట్టు తిరిగినది అట్టి దీర్ఘవృత్తములలోనే.

ఆ కాలముననే ఆయన లాటిను భాషలో స్వప్నమను కథ వ్రాసెను. అందొక బాలుని తల్లి మూలికలమ్ముచు భూతములతో మాటలాడును. భూతము చంద్రలోక ప్రయాణమును వివరించును. తొలి త్రోపు తుపాకిమందు ప్రేలినట్లుండును గనుక అవయవములను ముందుగా సర్దవలెననియు, ఊపిరి కష్టమగుటచే తడి స్పాంజిని ముక్కున కుంచవలెననియు, కొంతదూరము పోయినపిమ్మట దేహము తనంతట తానే సాగుననియు అందు గలదు.

వ్రాతప్రతి చేతులు మారెను. కాథరీనయు మూలికలతో మందులు చేయునదే. 1615లో పొరుగువారామెను మంత్రగత్తెయని నిందించిరి. తన కథయు ఆ నిందకు తోడ్పడెనని కెప్లరు తలంచెను. డెబ్బదియేండ్లు దాటిన యామెను 1620లో చెరబట్టి సంకెలలు వేసిరి. కుమారుడు తన పనులు విడిచివచ్చి, స్వహస్తముతో ప్రతివాదమును వ్రాసి పోరాడెను. పదునాలుగు నెలల చెరపిమ్మట 1621లో ఆమె విడుదల యయ్యెను గాని మరుసటి యేడే మరణించెను. ఇంతకుముందే లింజు పట్టణపు లూథరు సంఘకాపరి కెప్లరునకు ప్రభురాత్రి భోజనమును నిరాకరించెను. విశ్వాసపత్రమందలి యొకమాటకు తన మనస్సాక్షి యొప్పదని ఆయన చెప్పుటయే నేరము. సంఘచరిత్రలో ఇది మనము దాచదగిన సంగతి కాదు. అయినను ఆయన సంఘమును విడువలేదు.

తల్లి పోయినపిమ్మట కెప్లరు ఆ కథను మరల చేపట్టి, అందలి ప్రతి సంగతికిని శాస్త్రార్థము విప్పుచు 223 వివరణములు చేర్చెను. అచ్చు పూర్తి కాకమునుపే, తనకు రావలసిన సొమ్ము వసూలు చేసికొనుటకై రేగెన్స్‌బర్గునకు పోయి, జ్వరముతో 1630 నవంబరు 15న అచ్చటనే కన్నుమూసెను. యుద్ధములో ఆయన సమాధి రూపుమాసెను. స్వప్నమును 1634లో ఆయన కుమారుడు లూడ్విగు ప్రకటించెను.