జేబులోంచి సినిమా తీసిన మనిషి

డోరేమాన్ ఎపిసోడ్ ఎలా ఉంటుందో మన క్లాసులో ఎవర్ని నిద్రలేపి అడిగినా చెప్పేస్తారు. నోబితా ఏడుస్తూ ఇంటికొస్తాడు. డోరేమాన్ జేబులోంచి ఒక గ్యాడ్జెట్ తీసి ఇస్తాడు. కాసేపు అంతా బాగానే ఉంటుంది. తర్వాత నోబితాకి అత్యాశ పుడుతుంది, గ్యాడ్జెట్ ఎదురు తిరుగుతుంది, చివరికి దెబ్బలు వాడికే పడతాయి. మర్నాడు అంతా మళ్ళీ మొదటికొస్తుంది, నిన్న జరిగింది ఎవరికీ గుర్తుండదు. మన భాషలో చెప్పాలంటే ప్రతి ఎపిసోడ్ చివరా సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

ఇలాంటి కామెడీని గంటన్నర సినిమాగా మార్చమంటే ఏం చేస్తాం? తొమ్మిది ఎపిసోడ్లు పక్కపక్కన అతికిస్తే సినిమా అవ్వదు, నలభయ్యో నిమిషానికే జనం ఫోన్లు తీస్తారు. ఒకటే పెద్ద కథ పెడదామా అంటే అక్కడ ఇంకో చిక్కుంది. ఏ కష్టమొచ్చినా డోరేమాన్ జేబులో చెయ్యి పెడితే అయిదు నిమిషాల్లో తీరిపోతుంది. కష్టమే నిలవకపోతే కథ ఎక్కడ నిలుస్తుంది?

ఈ చిక్కుని విప్పిన మనిషి డోరేమాన్‌ని పుట్టించినాయనే. పేరు హిరోషి ఫుజిమోతో. ప్రపంచానికి తెలిసిన కలం పేరు ఫుజికో ఎఫ్. ఫుజియో.

ఇద్దరు కుర్రాళ్ళు, ఒకే కలం పేరు

ఆయన 1933 డిసెంబర్ 1న జపాన్‌లోని తొయామా ప్రాంతంలో, తకవోకా అనే ఊళ్ళో పుట్టారు. పెద్దగా మాట్లాడని పిల్లాడు, ఆటల్లో వెనకబడే రకం, చేతిలో ఎప్పుడూ పెన్సిల్ ఉండేది. అయిదో తరగతిలో ఉండగా మోతో అబికో అనే కుర్రాడు ఆ స్కూల్లో కొత్తగా చేరాడు. అతనూ నోట్‌బుక్కుల నిండా బొమ్మలు వేసేవాడే. అలా కలిసిన ఇద్దరూ తర్వాత 40 ఏళ్ళకు పైగా కలిసే నడిచారు.

1947లో ఒసాము తెజుకా గీసిన ఒక మాంగా పుస్తకం వాళ్ళ చేతికొచ్చింది. మాంగా అంటే జపాన్ బొమ్మల కథ. ఆ పుస్తకంలో బొమ్మలు సినిమా షాట్లలా కదులుతున్నట్టు కనిపించేసరికి ఇద్దరికీ పిచ్చి పట్టింది. 1951లో, ఇంకా హైస్కూల్లో ఉండగానే, పిల్లల దినపత్రికలో నాలుగు గళ్ళ కార్టూన్ వేసే అవకాశం వచ్చింది. మరుసటి ఏడాది ఏకంగా తెజుకా ఇంటికే వెళ్ళి తమ బొమ్మలు చూపించారు. ఆయన మీద ఎంత అభిమానమంటే, తెజుకా పేరులో చెయ్యి అనే అర్థమొచ్చే అక్షరాన్ని తీసేసి, కాలు అనే అక్షరం పెట్టి తమ కలం పేరు చేసుకున్నారు. గురువుగారు చెయ్యి అయితే మేం కాలు అన్నమాట! తర్వాత తమ ఇద్దరి ఇంటిపేర్లలోంచి ముక్కలు తీసి ఫుజికో ఫుజియో అని మార్చుకున్నారు.

చదువయ్యాక ఫుజిమోతో ఒక మిఠాయిల కంపెనీలో చేరారు. చేతికి దెబ్బ తగలడంతో కొద్ది రోజులకే మానేశారు. 1954లో స్నేహితులిద్దరూ టోక్యో వెళ్ళారు. అక్కడ తోకివా-సో అనే పాత చెక్క మేడలో, తెజుకా ఖాళీ చేసిన గదిలోనే దిగారు. ఆ మేడ నిండా వాళ్ళలాంటి కుర్ర ఆర్టిస్టులే. మన హాస్టల్ లాంటిదే అనుకోండి, కాకపోతే అందరూ ఒకే పిచ్చి ఉన్నవాళ్ళు.

చేతికి పని రావడం మొదలైంది. వచ్చిన ప్రతిదానికీ సరేనన్నారు. 1955 జనవరిలో కొత్త సంవత్సరానికి సొంతూరు వెళ్ళారు, అంతే, అక్కడ చేతులు కదల్లేదు. ఒప్పుకున్న పనులు వరసపెట్టి ఆలస్యమయ్యాయి, చాలావరకు అందించనేలేదు. పత్రికలవాళ్ళకి నమ్మకం పోయింది. మళ్ళీ పనులు దొరకడానికి చాలా కాలం పట్టింది. అసైన్‌మెంట్ చివరి రాత్రి చేసే మనకి ఈ భాగం అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. నోబితాని గీసినాయన హోంవర్క్ ఎగ్గొట్టినవాడి భయాన్ని బయటినుంచి చూసి రాయలేదు.

ఖాళీ సొరుగు

1964లో ఒక భూతం పిల్లాడి కామెడీ మాంగాతో ఇద్దరికీ పెద్ద పేరొచ్చింది. ఆ తర్వాత 1969 చివర్లో ఇంకో గండం. షోగాకుకాన్ అనే ప్రచురణ సంస్థ పిల్లల పత్రికల్లో కొత్త సీరియల్ వస్తోందని ప్రకటన వేసింది. అందులో టేబుల్ సొరుగు మాత్రమే ఉంది, హీరో లేడు. ఎందుకంటే ఆ హీరో ఎవరో ఫుజిమోతోకే ఇంకా తెలీదు. ఈ కథ ఎలా పుట్టిందో తర్వాత ఆయనే ఒక మాంగాలో సరదాగా గీసి చూపించారు. ఐడియా రాక టైమంతా తగలేసి, ఐడియాలిచ్చే మెషీన్ ఉంటే బాగుండని కలలు కంటూ నిద్రపోయారట. పొద్దున్నే కంగారుగా లేచి పరిగెడుతుంటే, కూతురు ఆడుకునే గుండ్రటి బొమ్మ కాలికి తగిలింది. ఎటు తోసినా మళ్ళీ లేచి నిలబడే బొమ్మ అది. దానికి పిల్లిని కలిపితే డోరేమాన్ అయ్యింది.

1970 జనవరి సంచికతో ఆరు పత్రికల్లో ఒకేసారి మొదలైంది. బడికి వెళ్ళని పసిపిల్లల పత్రిక నుంచి నాలుగో తరగతి పిల్లల పత్రిక దాకా ఒక్కోటి ఒక్కో వయసుకి. ప్రతిదానికీ వేరే కథ, వేరే స్థాయి. ఒకే సరుకుని చదివేవాళ్ళ వయసుకి తగ్గట్టు మార్చడం ఆయనకి అప్పటినుంచే నెలనెలా అలవాటైంది.

1973లో టీవీ సీరియల్ తీశారు గానీ ఆరు నెలలకే ఆగిపోయింది. మళ్ళీ 1979 ఏప్రిల్‌లో షిన్-ఎయ్ అనే యానిమేషన్ సంస్థ మొదలుపెట్టింది. సోమవారం నుంచి శనివారం దాకా, సాయంత్రం పూట, రోజుకి పది నిమిషాలు. ఈసారి దేశమంతా చూసింది. హిట్టయ్యాక నిర్మాతలు అడిగేది ఏ దేశంలో అయినా ఒకటే కదా. సినిమా తీద్దామన్నారు.

సుఖాంతంలో ఒక బగ్

ఫుజిమోతో మొదట వెనకాడారు. తను పొట్టి కథల మనిషినని ఆయన లెక్క. పది నిమిషాల్లో నవ్వించి దిగిపోవడం వేరు, గంటన్నర కూర్చోబెట్టడం వేరు అని ఆయనకి బాగా తెలుసు. చివరికి ఒప్పుకుని, కొత్త కథ వెతక్కుండా తన పాత పొట్టి కథనే ముందు పెట్టుకున్నారు.

అది 1975లో గీసిన డైనోసార్ కథ. జపాన్‌లో 1968లో ఒక హైస్కూల్ విద్యార్థి నిజంగానే సముద్రపు సరీసృపం శిలాజాన్ని కనిపెట్టాడు. ఆ జాతి జీవే ఈ కథలో పాత్ర. నోబితా గొప్పలు పోయి డైనోసార్ శిలాజం తవ్వి తెస్తానంటాడు, వాడికి గుడ్డు దొరుకుతుంది. దాన్ని పొదిగి పీసుకే అనే పిల్లని పెంచుతాడు. అది పెరిగి దాచలేనంత పెద్దదయ్యాక టైమ్ మెషీన్‌లో దాని కాలానికి తీసుకెళ్ళి వదిలేస్తాడు. ఏడుపుతో కూడిన చక్కటి సుఖాంతం.

సినిమా కోసం ఆయన ఆ సుఖాంతంలోనే ఒక బగ్ పెట్టారు. పీసుకేని వదిలిన కాలం సరైనదే గానీ చోటు తప్పు. డైనోసార్లని వేటాడే దొంగలు దాడి చేయడంతో దారి తప్పి జపాన్ సముద్రంలో కాకుండా అమెరికా వైపు వదిలేశారు. అక్కడి జీవులు దాన్ని దగ్గరికి రానివ్వడం లేదు. కాబట్టి మళ్ళీ వెళ్ళాలి, ఈసారి మిగతా ముగ్గురు ఫ్రెండ్స్ కూడా వస్తారు. వెళ్ళాక టైమ్ మెషీన్ పాడవుతుంది. కాలంలో కదులుతుంది గానీ చోటు మారలేదు. అంటే ఇంటికి వెళ్ళాలంటే, భవిష్యత్తులో నోబితా టేబుల్ ఉండబోయే చోటికి తామే వెళ్ళాలి. అమెరికా నుంచి జపాన్‌కి, డైనోసార్ల మధ్యలోంచి! తలమీద పెట్టుకుని ఎగిరే టకేకాప్టర్ ఉందిగా అంటారా? దానికి బ్యాటరీ అయిపోతుంది, ఆపి ఆపి వాడుకోవాలి.

చూశారా ఆయనేం చేశారో? జోకులు పెంచలేదు, కొత్త గ్యాడ్జెట్లూ పెంచలేదు. ఉన్నవాటికి పరిమితులు పెట్టారు. జేబు అలాగే ఉంది, కానీ ఊరికే రాదు. అప్పుడే పాత్రలు బయటపడ్డాయి. ఎపిసోడ్లలో అందర్నీ కొట్టే జియాన్ ఇందులో ప్రమాదంలో పడితే నోబితా వాడి చెయ్యి వదలడు. తర్వాత పీసుకేని మాకిచ్చేయండి, మిమ్మల్ని ఇంటికి చేరుస్తామని దొంగలు బేరం పెట్టినప్పుడు సునియో ఊగిసలాడతాడు, జియాన్ మాత్రం నోబితా పక్కన నిలబడతాడు. రీస్టార్ట్ అయ్యే లోకంలో ఇది జరగదు. నిన్నటి సాయం ఇవాళ గుర్తుండాలంటే నిన్న అనేది ఒకటి ఉండాలి. సినిమా ఆ నిన్నని ఇచ్చింది.

సినిమా 92 నిమిషాలు. 1980 మార్చి 15న విడుదలైంది, పెద్ద హిట్టయింది. సినిమా తయారవుతుండగానే ఆయన అదే కథని కొరోకొరో అనే మాస పత్రికలో పెద్ద మాంగాగా గీశారు. ఆ తర్వాత ఏటా అదే పద్ధతి. ఆయన పత్రికలో కథ గీస్తుంటే, అటువైపు స్టూడియో ఆ ఏడాది సినిమా తీస్తుండేది.

ప్రతి ఏడాదీ అదే ప్రశ్న

కొత్త సినిమా అంటే, ఈసారి జేబుని ఎలా ఆపాలన్న ప్రశ్న మళ్ళీ వచ్చేది. 1982 సినిమాలో పిల్లలు ఆఫ్రికా అడవికి వెళ్తారు. అన్నీ సుఖంగా జరిగిపోతే సాహసం ఏముందని జియాన్ ముఖ్యమైన గ్యాడ్జెట్లు వెనకే వదిలేయిస్తాడు. నిజంగా ప్రాణాల మీదికొచ్చాక, తన వల్లే అందరూ చిక్కుకున్నారని కుమిలిపోతాడు. 1983 సినిమాలో సముద్రం అడుగున ఊపిరి పీల్చుకునేలా చేసే లైట్ ఉంటుంది. దాని ప్రభావానికి గడువుంది. అది తీరిపోయి ఇద్దరు పిల్లలు చావు అంచుదాకా వెళ్తారు. రోజూ మనం నవ్వుతూ చూసే అదే పిల్లలు, అవే గ్యాడ్జెట్లు. కానీ గడియారం నడుస్తుంటే నవ్వు గొంతులో ఆగిపోతుంది.

1986లో ఆయనకి జబ్బు చేసింది, పొట్టలో క్యాన్సర్. 1988 సినిమాకి మాత్రం ఆయన మాంగా రాలేదు. దాదాపు అదే సమయంలో ఇద్దరు స్నేహితులూ కలం పేరుని పంచుకుని విడివిడిగా పనిచేయడం మొదలుపెట్టారు. ఈయన ఫుజికో ఎఫ్. ఫుజియో, ఆయన ఫుజికో ఫుజియో ఎ. పని విడిపోయింది, స్నేహం విడిపోలేదు.

జబ్బు తగ్గుతూ తిరగబెడుతూ ఉన్నా ఏటా ఒక సినిమా కథ ఆగలేదు. 1996లో మరుసటి ఏడాది సినిమా కథ మొదలుపెట్టారు. మర తిప్పితే కదిలే బొమ్మలన్నీ ప్రాణం పోసుకుని ఒక చిన్న గ్రహం మీద ఊరు కట్టుకునే కథ. సెప్టెంబర్ 20న ఇంట్లో బొమ్మ గీస్తూ గీస్తూనే స్పృహ తప్పారు. చేతిలో పెన్సిల్ ఉందట. 23న పోయారు. వయసు 62.

మిగిలిన పేజీలు ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు పూర్తి చేశారు. సినిమా 1997 మార్చిలో చెప్పిన టైముకే వచ్చింది. అదే ఏడాది తెజుకా పేరు మీద కొత్తగా పెట్టిన సాంస్కృతిక బహుమతుల్లో మొట్టమొదటి పెద్ద బహుమతి డోరేమాన్‌కి దక్కింది. గురువు గది అద్దెకి తీసుకుని మొదలైన జీవితం గురువు పేరు మీది బహుమతి దగ్గరికి వచ్చింది. చూడ్డానికి ఆయన లేరు.

1980 నుంచి 1997 దాకా 18 సినిమాలు. వాటిలో 17కి ఆయన మాంగా ఉంది, చివరిది సగంలో ఆగినా సరే. ఆయన తర్వాత కూడా దాదాపు ఏటా ఒకటి వస్తూనే ఉంది. మన చిన్నప్పుడు వేసవి సెలవుల్లో టీవీలో వాటిలో కొన్ని చూసి, ఎందుకు ఏడుపొస్తోందో తెలీక మొహం తిప్పుకున్నవాళ్ళం మనలో చాలామందిమే ఉంటాం.

చివరిగా ఒక్క మాట. పోయినేడాది మేం ఫెస్ట్ కోసం ఎనిమిది నిమిషాల కామెడీ స్కిట్‌ని అరగంట నాటకం చేద్దామని కూర్చున్నాం. జోకులు మూడింతలు చేశాం. పదిహేనో నిమిషంలో హాల్ సగం ఖాళీ అయింది. ఎక్కడ తప్పామో అప్పుడు అర్థం కాలేదు. ఈ వ్యాసం కోసం ఫుజిమోతో గురించి చదువుతుంటే అర్థమైంది. మా హీరోకి పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ప్రతి సీన్‌లో ఏదో ఒక తేలిక దారి దొరికేస్తోంది. ఈసారి రాసేటప్పుడు ముందు జోకులు లెక్కపెట్టం. వాడి జేబులోంచి ఏం తీసెయ్యాలో చూస్తాం.