నాయిక కాని సూర్యకాంతం గారు

1924లో కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టిన సూర్యకాంతం గారు కథానాయిక కావాలన్న కోరికతో మద్రాసు చేరారు. 'సౌదామిని'లో నాయిక వేషం దొరికింది కూడా. ఇంతలో కారు ప్రమాదంలో ముఖానికి గాయమై అది చేజారింది. గాయం ముఖానికే గాని నటనకు కాదు కదా! మరొకమారు నాయిక వేషం వచ్చినా, వేరొక నటిని తప్పించి తనకిస్తున్నారని తెలిసి వద్దన్నారు. మేము ఆమెను ఎక్కువగా గౌరవించేది ఇందుకే.

'సంసారం' (1950)లో గయ్యాళి అత్త అయ్యేనాటికి ఆమెకు 26 ఏళ్లే. ఆపైన ఎక్కువగా అటువంటి వేషాలే. 'గుండమ్మ కథ' (1962)లో సావిత్రి, జమున వంటి అందాల నాయికలున్నా, చిత్రానికి పేరు ఆమె పాత్రదే. 1994లో ఆమె కన్నుమూశారు. మా మలేషియా తెలుగిళ్లలో ఆడపిల్లలకు సావిత్రి అని పేరు పెట్టుకున్నారు గాని, సూర్యకాంతం అని పెట్టినవారిని మేమెరుగము.